ట్రెడ్‌మిల్ చూపిన 213: మనవలకు అమ్మమ్మ ఉత్తరం

హనుమకొండ,
జనవరి 22.

పెద్దోడికి, చిట్టితల్లికి అమ్మమ్మ దీవెనలు.

మీరు సంక్రాంతికి వచ్చి వెళ్లి వారమైంది. ఇల్లంతా బోసిగా ఉంది. సకినాల డబ్బా మూత తీసినప్పుడల్లా, చిట్టితల్లీ, నువ్వు ఆ రోజు అన్న మాటే గుర్తొస్తోంది. "ఇవాళ ఇంకా రెండొందల కేలరీలు కూడా కరగలేదు అమ్మమ్మా, నాకొద్దు" అన్నావు. పొద్దున గుప్పెడు అటుకులు తిన్నదానివి, మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టలేదు. అప్పుడు నీతో వాదించలేదు. ముప్పై ఏళ్లు బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామనుకున్నాను.

అందుకే మరునాడు నీ వెంట జిమ్‌కు వచ్చాను. నువ్వు ట్రెడ్‌మిల్ ఎక్కి బటన్ నొక్కావు, వేగం 6 పెట్టావు, 45 నిమిషాలు నడిచావు. దిగేటప్పుడు తెర మీద 213 కేలరీలు అని ఉంది. నేను గమనించింది ఇంకొకటి. ఆ మెషీన్ నీ బరువు అడగలేదు. అడిగి ఉంటే నువ్వు అంకె కొట్టేదానివి, నువ్వు దాచేదానివి కాదు.

బరువు తెలియకుండా అది 213 అని ఎలా చెప్పింది? అదే ఈ ఉత్తరం.

ముందు కేలరీ సంగతి. ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి కావాల్సిన వేడి ఒక కిలో కేలరీ. తిండి విషయంలో, జిమ్‌లో మనం కేలరీ అని పిలిచేది దీన్నే. మన ఒంట్లో ఆ వేడి ఎక్కడ పుడుతుంది? తిన్నది ఆక్సిజన్‌తో కలిసినప్పుడు. ఈ సంగతి పట్టుకున్నవాళ్లలో ముందుండేవాడు ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజియే. 1780లలో పారిస్‌లో ఆయన, గణిత శాస్త్రవేత్త లాప్లాస్ కలిసి ఒక గినీ పందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. పొయ్యిలో కట్టె మండటం, ఒంట్లో తిండి ఖర్చవడం ఒకే జాతి పని అని తేల్చారు. బడిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది. ఇప్పటికీ అంతే.

కాబట్టి ఎంత ఖర్చయిందో సరిగ్గా తెలియాలంటే ఎంత ఆక్సిజన్ వాడామో కొలవాలి. ప్రయోగశాలల్లో ముఖానికి మాస్క్ కట్టి, పీల్చి వదిలే గాలిని కొలుస్తారు. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్టు. ట్రెడ్‌మిల్ దగ్గర ఆ మాస్క్ లేదు. దానికి తెలిసింది తన బెల్టు ఎంత వేగంగా తిరిగింది, ఎంత ఎత్తుగా వంగింది, ఎంతసేపు తిరిగింది, అంతే. మిగతాది లెక్క.

ఆ లెక్క రహస్యమేమీ కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సూత్రం నడకకు ఇలా ఉంటుంది. నిమిషానికి ఎన్ని మీటర్లు నడిచామో అందులో పదో వంతు తీసుకుని, దానికి 3.5 కలపాలి. ఒంటి బరువులో ఒక్కో కిలోకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలో వస్తుంది. గంటకు 6 కిలోమీటర్లంటే నిమిషానికి 100 మీటర్లు. పదో వంతు 10, దానికి 3.5 కలిపితే 13.5. చిట్టితల్లీ, నీ బరువు 48 కిలోలు. 45 నిమిషాలకు మొత్తం సుమారు 29 లీటర్ల ఆక్సిజన్, అంటే 146 కేలరీలు. అదే 70 కిలోల మనిషికి వేస్తే ఎంతొచ్చిందో తెలుసా? 213. మెషీన్ నిన్ను 70 కిలోల మనిషనుకుంది బిడ్డా. ఎవరూ బరువు చెప్పకపోతే చాలా మెషీన్లు ఆ దరిదాపు బరువునే పట్టుకుంటాయి.

అక్కడితో అయిపోలేదు. ఆ 3.5 ఉంది చూడు, అది ఊరికే కూర్చున్నా ఒంటికి కావాల్సిన ఆక్సిజన్. గుండె కొట్టుకోవాలి, మెదడు పని చేయాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఆ 45 నిమిషాలు నువ్వు మంచం మీద పడుకుని ఫోన్ చూసినా నీకు దాదాపు 38 కేలరీలు ఖర్చయ్యేవే. దాన్ని తీసేస్తే, నడిచినందుకు అదనంగా ఖర్చయింది 108. మెషీన్ చెప్పినదాంట్లో సగం. నూనె లెక్కలో చూస్తే 12 గ్రాములు, ఎందుకంటే ఒక గ్రాము నూనెలో 9 కేలరీలుంటాయి. మొత్తం 146 తీసుకున్నా, 27 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీళ్లను మరిగే దాకా తెచ్చే వేడి అది. ఇంటిల్లిపాదికీ చాయ్ పెట్టొచ్చు. తక్కువేమీ కాదు, కానీ దాని కోసం మధ్యాహ్నం అన్నం మానేయాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. దిగాక నువ్వు మళ్లీ ఎక్కి, కొత్తగా బటన్ నొక్కి, బెల్టును 5 శాతం ఎత్తు చేసి, ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని కాసేపు నడిచావు. ఎత్తు ఎక్కితే ఖర్చు బాగా పెరుగుతుంది. అదే వేగంలో 13.5 కాస్తా 22.5 అవుతుంది. కానీ అది చేతులు వదిలి ఎక్కినప్పుడు. పద్మాక్షి గుట్ట మెట్లు నీ భుజం పట్టుకుని ఎక్కితే నా బరువు కొంత నీ మీద పడదా? కడ్డీ పట్టుకున్నా అంతే. మెషీన్‌కు అది తెలియదు, మొత్తం ఎక్కినట్టే రాస్తుంది. పడిపోతామని భయముంటే వేగం తగ్గించు, చేతులు వదిలి నడువు. (అది వేరే నడక, 213లో కలవలేదు కాబట్టి దాన్ని పైన లెక్కలో వేయలేదు.)

పెద్దోడా, నువ్వు తొక్కే సైకిల్ మెషీన్ కొంచెం మెరుగు. అది వాట్లు చూపిస్తుంది, అంటే నీ కాళ్లు పెడల్ మీద చేసిన పనిని కొలుస్తుంది. 100 వాట్ల మీద అరగంట తొక్కావంటే 180 కిలోజౌల్స్ పని. మన కండరాలు ఖర్చు చేసినదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగిలిందంతా వేడే. నీ చొక్కా తడిసేది అందుకే. ఒక కేలరీ 4.184 కిలోజౌల్స్ కాబట్టి ఒంటి ఖర్చు 172 నుంచి 215 మధ్య తేలుతుంది. గుర్తుంచుకోవడానికి తేలిక దారి ఉంది. కిలోజౌల్స్ ఎన్నో, కేలరీలు దాదాపు అన్నే. నిలబడి పెడళ్లు తొక్కుతూ చేతులతో కడ్డీలు ఊపే ఎలిప్టికల్ మెషీన్ మీద మాత్రం ఇంత నమ్మకం పెట్టుకోకు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, ఎక్కువ చూపించడమే మామూలు.

నీ చేతి వాచీ గురించి కూడా అడిగావు. అది నాడి చూసి ఊహిస్తుంది. నాడి ఎండకు పెరుగుతుంది, టెన్షన్‌కు పెరుగుతుంది. మే నెలలో మన వరంగల్ ఎండలో అదే నడకకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, కేలరీలు మాత్రం అంతగా పెరగవు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మందితో ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షించారు. నాడి కొలవడంలో చాలావరకు బాగానే ఉన్నాయి. కేలరీల దగ్గర అన్నిటికంటే మంచిదే సగటున 27 శాతం తప్పింది.

చిట్టితల్లీ, నేను లెక్క వేసిన సూత్రం కూడా పెద్దవాళ్లను కొలిచి కట్టింది. నీకు పదిహేడేళ్లు, ఒళ్లు ఇంకా ఎదుగుతోంది. నువ్వు రోజంతా కదలకుండా పడుకున్నా నీ ఒంటికి పన్నెండు పదమూడు వందల కేలరీలు కావాలి. దాని ముందు 108 ఎంత? ఆ 108 కోసం తిండి ఆపితే ఎముకలకు, రక్తానికి, నెలసరికి కావాల్సింది ఎవరు తెచ్చిస్తారు? ఈ మాట రాస్తుంటే నా చెయ్యి వణికింది. ఆకలేస్తే తిను. జిమ్‌కు తప్పకుండా వెళ్లు, గుండెకు మంచిది, నిద్ర బాగా పడుతుంది. పోయిన నెల పది నిమిషాలకే ఆయాసపడ్డ వేగంలో ఇప్పుడు ఇరవై నిమిషాలు నడవగలుగుతున్నావా? నీ నోట్‌బుక్‌లో అది రాసుకో. అదే మెషీన్ మీద, బరువు సరిగా కొట్టి, కడ్డీ పట్టుకోకుండా నడిస్తే నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చుకోవడానికి పనికొస్తుంది.

వేసవి సెలవుల్లో రండి. పొద్దున్నే ముగ్గురం వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుద్దాం. నేను మెల్లగానే నడుస్తాను, మీరిద్దరూ ముందు వెళ్లి మళ్లీ నా దగ్గరికి రండి.

మామయ్య ఆదివారం కాజీపేటలో రైలెక్కుతున్నాడు. నువ్వులు ఎక్కువ వేసి కొత్తగా చేసిన సకినాలు డబ్బా నిండా పంపుతున్నాను. అందినాక, మీ దగ్గరున్న జిమ్‌లో మెషీన్ బరువు అడిగిందో లేదో చూసి నాకు రాయండి.

మీ అమ్మమ్మ