ఈ చొక్కా ఇంకెంత దూరం వెళ్తుంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఛారిటీ షాపుకు అందరూ వస్తువులు ఊరికే ఇస్తారు కదా, మరి వాళ్ళు డబ్బుకు అమ్ముతారెందుకు? లేనివాళ్ళకు ఊరికే ఇచ్చేయొచ్చుగా?" అని. ఛారిటీ షాపంటే జనం ఇచ్చిన పాత వస్తువులు అమ్మి, ఆ డబ్బుతో ఆపదలో ఉన్నవాళ్ళను ఆదుకునే అంగడి.

వరదలో ఇల్లు పోయినవాళ్ళకు కావలసినవి మందులు, మంచినీళ్ళు, దుప్పట్లు. మీ ఇంట్లో మిగిలినవేమో పొట్టిదైపోయిన కోటు, చదరంగం బల్ల, రెండు పూలకుండీలు. అవి వాళ్ళకు పంపితే ఏం చేసుకుంటారు? అదే కోటు ఇంకెవరైనా కొనుక్కుంటే ఆ డబ్బు మందులవుతుంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు ఇంకో మెట్టు పైకెళ్ళారు. ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి పాత సామాను పోగుచేసి, పనిలేని పేదలకే దాన్ని బాగుచేసే పని ఇచ్చారు. అలా మొదలైనదే గుడ్‌విల్ అనే సేవాసంస్థ. యుద్ధకాలంలో గ్రీసులో ఆకలితో అలమటించేవారి కోసం 1942లో ఆక్స్‌ఫర్డ్‌లో ఏర్పడిన కమిటీ ఆక్స్‌ఫామ్. కొన్నేళ్ళకు అదే ఊళ్ళో బ్రాడ్ స్ట్రీట్‌లో షాపు తెరిచింది. అందుకే ఇలాంటి చోట ధర దగ్గర గట్టిగా బేరమాడకూడదు. అక్కడ తగ్గే ప్రతి రూకా అవతల ఎవరికో తగ్గినట్టే.

ఇక వస్తువు ఎలా చూసి కొనాలో చెబుతాను. దూరపు ఊరికి టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి ఊహించుకోండి. సగం దారిలో బస్సు దిగాడు. దిగినంత మాత్రాన టికెట్ అయిపోలేదు, ఇంకో బస్సెక్కి వెళ్ళాలి. చొక్కా కూడా అంతే. కొన్నవాడు పొడుగయ్యాడు, లేదా ఆ రంగు మీద మోజు తీరింది. చొక్కా దిగిపోయింది. ఛారిటీ షాపు బస్టాండు. అక్కడ కూర్చున్న కొందరి టికెట్ చాలా దూరానికి, కొందరిది అక్కడితో సరి. టికెట్ చదవడం వస్తే చాలు.

బట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు అడ్డంగా పట్టండి. చొక్కాకు మోచేతులు, ప్యాంటుకు మోకాళ్ళు, కూర్చునే చోటు చూడాలి. చుట్టూ ఉన్న గుడ్డ కంటే అక్కడ వెలుగు ఎక్కువగా దిగుతుంటే నేత పలచబడినట్టే, కొన్ని ఉతుకులకు చిరుగుతుంది. సూదిమొనలంత చుక్కలుగా వెలుగు కనిపిస్తే, ముఖ్యంగా ఉన్నిబట్టలో, అవి పురుగు కొట్టిన చిల్లులు. తర్వాత కాలరు మడత విప్పి, మడిచిన గీత వెంట దారాలు పైకి లేచాయేమో చూడండి. చొక్కా తిరగేసి చంకలు చూడండి. అక్కడి పసుపు మరక చెమటా, చెమట ఆపే పూతల్లోని అల్యూమినియమూ కలిసి పట్టినది. మామూలు ఉతుకుకు అది పోదు, పోతుందన్న ఆశతో కొనకండి.

జిప్‌ను మూడుసార్లు పైకీ కిందికీ లాగండి. లాగాక జారే బిళ్ళ వెనకే పళ్ళు విచ్చుకుంటుంటే బిళ్ళ వదులైందని అర్థం. చిన్న పటకారుతో దాని రెండు పక్కలా కొంచెం నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. పన్ను ఊడితే మాత్రం జిప్ మొత్తం మార్చాలి. నడుము ఎలాస్టిక్‌ను చెవి దగ్గర పెట్టి సాగదీయండి. చిటచిటమంటే లోపలి రబ్బరు ఎండిపోయింది. గుండీ ఊడిపోయిందని మంచి చొక్కాను వదిలేయకండి. లోపల పక్క కుట్టు దగ్గర, ఉతికే సూచనల పట్టీ మీదో కిందో, చాలా చొక్కాలకు అదనపు గుండీ కుట్టి ఉంటుంది. మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో ఒక గుండీల డబ్బా ఉండేది. చిరిగిన చొక్కా మసిగుడ్డగా మారేముందు దాని గుండీలన్నీ ఆ డబ్బాలోకి చేరేవి.

పట్టీ మీద రాసిన సైజును నమ్మకండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్. పైగా ఆ చొక్కా ఎన్ని ఉతుకుల్లో ఎంత ముడుచుకుందో పట్టీకి తెలియదు. మీకు సరిగ్గా సరిపోయే చొక్కాను మంచం మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టుకు, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టుకు కొలిచి చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ, ఒక టేపు జేబులో పెట్టుకుని వెళ్ళండి. ప్యాంటు పొట్టిగా ఉంటే కింద అంచు తిరగేయండి. లోపల మూడు నాలుగు సెంటీమీటర్ల మడత ఉంటే విప్పి పొడుగు చేయొచ్చు, కాకపోతే పాత మడత గీత కొన్నాళ్ళు కనిపిస్తుంది. భుజాలు పెద్దవైన కోటును చిన్నది చేయడం మాత్రం పెద్ద పని. భుజం కుదరకపోతే వదిలేయండి.

బూట్ల సంగతి విచిత్రం. ఒక్కసారీ తొడగనట్టు మెరిసే బూటు పదడుగులు వేసేసరికి అడుగు పొడిపొడిగా రాలిపోవచ్చు. కొన్ని మెత్తటి అడుగులు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి దాన్ని లోలోపల విడగొడుతుంది. బస్సెక్కకుండా బస్టాండులోనే కూర్చున్నా టికెట్ గడువు తీరిపోయినట్టన్నమాట. బొటనవేలితో గట్టిగా నొక్కండి. జిగటగా తగిలినా, పెళుసుగా పగిలినా వద్దు. మడమ ఒక పక్కకే అరిగితే ఆ బూటు వేరొకరి నడకకు అలవాటుపడింది, మీ కాలిని కూడా అటే వంచుతుంది.

పింగాణీ కప్పును అరచేతిలో నిలిపి గోటితో మీటండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే కంటికి కనపడని పగులుంది. రంగుల బొమ్మలున్న బాగా పాత పళ్ళేల పూతలో సీసం ఉండొచ్చు. అందంగా ఉంటే అలమరలో పెట్టుకోండి, వాటిలో తినకండి. పుస్తకమైతే ముందు వాసన చూడండి. బూజు వాసన వస్తే మిగతా పుస్తకాలకూ అంటుతుంది. కాగితం పసుపెక్కడం తప్పు కాదు, అది కలపగుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం చేసే పని. చివరి పేజీ ఉందో లేదో తప్పక చూడండి.

ఎంత చూసినా టికెట్ చదవలేని వస్తువులు కొన్నున్నాయి. హెల్మెట్ లోపలి నురుగు ఒక్క దెబ్బకే నలుగుతుంది, మళ్ళీ లేవదు. పై డిప్పేమో నున్నగానే ఉంటుంది. కారులో పసిపిల్లలను కూర్చోబెట్టే సీటుదీ అదే కథ. ఈ రెండూ పాతవి కొనవద్దు. వైరు నలిగిన కరెంటు సామాను, పూత లేచిన నాన్‌స్టిక్ పెనం కూడా వద్దు.

కొన్నది ఇంటికి రాగానే అలమరలో పెట్టకండి. టికెట్ లేని ప్రయాణికులు కొందరు వెంట వచ్చి ఉండొచ్చు. గుడ్డ తట్టుకుంటుందని పట్టీ చెబితే 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి, నల్లులూ వాటి గుడ్లూ చస్తాయి. ఉన్ని అంత వేడికి కుంచించుకుపోతుంది. దాన్ని సంచిలో గట్టిగా మూసి, -18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే బట్టల పురుగు గుడ్లతో సహా పోతుంది.

చవక కదా అని అవసరం లేనిది తెస్తే, దానికి కావలసిన మనిషి అక్కడికి వచ్చి ఉత్తచేతులతో వెళ్తాడు. మీరు ఇచ్చేటప్పుడు కూడా ఉతికి ఇవ్వండి, చెప్పులు జతగా కట్టి ఇవ్వండి. షాపు మూశాక గుమ్మం ముందు సంచి వదలకండి. ఒక్క వానకు అందులోని వస్తువులన్నీ చెత్తవుతాయి.

ఒక్క సంగతి మాత్రం నేను వివరించలేను. పాత చొక్కాల్లో కొన్నింటికి కుడిచేతి మణికట్టు అంచు ఎడమదానికంటే ముందు నలిగి ఉంటుంది. రోజూ బల్ల మీద రాసిన చెయ్యి అయివుంటుంది. ఎవరిదో, ఏం రాశారో మనకు తెలియదు. ఆ మనిషి దిగి వెళ్ళిపోయినా చెయ్యి ఆనిన చోటు మాత్రం ఆ గుడ్డలో ఉండిపోయింది.

మీ చొక్కాల్లో అన్నిటికంటే పాతది ఒకటి తీసి, పొద్దున కిటికీ వెలుగులో పట్టుకుని రెండు మణికట్లూ చూడండి. ఏది ముందు నలిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య