పుస్తకం మూశాకే అసలు చదువు

మా అన్నయ్య కూతురు పోయిన ఏడాది పదో తరగతి. పరీక్షల ముందు నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. జీవశాస్త్రం పుస్తకంలో విసర్జన పాఠం తీసి చూస్తే పేజీ అంతా పసుపు హైలైటరే. గీత పడని వాక్యం వెతుక్కోవాల్సి వచ్చింది. "ఎన్నిసార్లు చదివావు తల్లీ?" అని అడిగితే "ఐదుసార్లు అత్తా, మొత్తం వచ్చేసింది" అంది. పుస్తకం మూయించి, పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి చేతిలో పెట్టి, మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ బొమ్మ గీసి భాగాలు రాయమన్నాను. బౌమన్ గుళిక గీసింది. హెన్లీ శిక్యం ఒంపు కూడా చక్కగా తిప్పింది. దానికి అటూ ఇటూ ఉండే రెండు సంవళిత నాళాల దగ్గర పెన్ను ఆగిపోయింది. సమీపస్థం ఏది, దూరస్థం ఏది? ఎంతసేపు చూసినా తోచలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చదివేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంది అత్తా" అంది.

తెలిసినట్టు ఉండటం వేరు, తెలియడం వేరు. ఒకే పేజీ పదేపదే చదివితే ఆ అక్షరాలు కంటికి అలవాటవుతాయి. రోజూ బస్టాపులో కనిపించే మనిషిని చూడగానే గుర్తుపడతాం కానీ పేరు అడిగితే చెప్పలేం కదా, ఇదీ అంతే. పరీక్షలోనే కాదు, జీవితంలో కూడా మనకు కావలసింది పేరు చెప్పగలగడమే.

2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే దీన్ని కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. ఒక చిన్న పాఠాన్ని కొందరు నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకు 83 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అడిగేసరికి లెక్క తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61 శాతం నిలిచింది. ఇంకో సంగతి నన్ను మరీ ఆలోచింపజేసింది. వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలూ చదివినవాళ్లే. అంటే ఈ విషయంలో మన మనసు చెప్పే సాక్ష్యాన్ని నమ్మడానికి లేదు.

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక విషయం గుర్తు తెచ్చుకున్నామంటే వాటిలో ఒక గుంపు మళ్లీ కలిసి పనిచేసిందన్నమాట. అలా కలిసి పనిచేసే కణాల మధ్య లంకెలు గట్టిపడతాయి. కష్టపడి, కాసేపు తడుముకుని గుర్తు తెచ్చుకున్నది ఇంకా బాగా నిలుస్తుంది. తోడేకొద్దీ ఊరే చెలమ లాంటిది జ్ఞాపకం. మనమేమో తోడటం మానేసి పైనుంచి బిందెలతో పోస్తూ కూర్చుంటాం.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన అవధానాన్నే చూడండి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు. ఒకరు పూరించమని ఒక పాదం (సమస్య) ఇస్తారు, ఒకరు కొన్ని మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు (దత్తపది), ఒకరు అక్షరం అక్షరానికీ 'ఇది వాడొద్దు' అని నిషేధం పెడతారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యమధ్యలో అడ్డం వస్తూనే ఉంటారు. అవధాని ఒకరికి పద్యంలో ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్తారు. మళ్లీ ఆ వంతు వచ్చేసరికి మొదటి పాదం మనసులో ఉండాలి, రెండో పాదం దానికి అతకాలి. చేతిలో కాగితం ఉండదు. చివర్లో ధారణ: పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ప్రతిభ లేకుండా అది సాధ్యం కాదు, నిజమే. కానీ ఆ ప్రక్రియను కాస్త దగ్గరగా చూస్తే, ప్రతి పాదానికీ మధ్య ఎడం ఉంది, ఆ ఎడంలో వేరే పని ఉంది, ఆ తర్వాత ఏమీ చూడకుండా వెనక్కి తెచ్చుకోవడం ఉంది. పైగా యతి, ప్రాసల సాయం ఉంది. మాట జారిపోయినా ఏ అక్షరం దగ్గర వెతకాలో పద్యమే చెబుతుంది. చిన్నప్పుడు నేర్చిన శతక పద్యాలు అరవై ఏళ్లు దాటినవాళ్ల నోట కూడా తడబడకుండా వస్తాయంటే అందులో యతి ప్రాసల వాటా చాలా ఉంది.

ఆ ఎడం సంగతి జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే రాశాడు. అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీ పట్టి, ఎప్పుడు ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్కలు కట్టుకున్నాడు. మరుపు ఎక్కువగా జరిగేది మొదటి కొన్ని గంటల్లోనే, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒకేసారి రుబ్బేకంటే రోజుల తరబడి కొంచెం కొంచెంగా చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుంది. కాబట్టి ఇవాళ నేర్చుకున్నది రేపు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, పై వారం ఒకసారి పుస్తకం తెరవకుండా చెప్పుకోండి. తప్పు పోయిన చోట మాత్రమే తెరిచి చూడండి. చదువులు అయిపోయినవాళ్లకూ ఇది పనికొస్తుంది. నేను రైతు బజారుకు వెళ్లేటప్పుడు చీటీ రాసుకుంటాను కానీ పర్సులోంచి తీయను. అన్నీ కొన్నాక, బయటికి వచ్చే ముందు తీసి సరిచూసుకుంటాను. పెళ్లిలో కొత్తవాళ్లు పరిచయమైతే భోజనాల దగ్గర వాళ్ల పేర్లు ఒకసారి మనసులో అనుకుంటాను.

పరీక్ష ముందు రోజు నైట్ అవుట్ చేసే పిల్లలను చూస్తే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది. కొత్త జ్ఞాపకాలను ముందుగా పట్టుకునేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం. ఎలుక ఒక దారిలో తిరిగినప్పుడు అక్కడ ఏ కణాలు కలిసి పనిచేశాయో, ఆ తర్వాత నిద్రలో మళ్లీ అవే కలిసి పనిచేయడాన్ని 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మనం పడుకున్నా మెదడు పాఠం వల్లెవేస్తూనే ఉంటుంది. రాత్రంతా మేలుకుంటే ఆ పని జరగాల్సిన సమయాన్నే లాగేసుకున్నట్టు.

నడక కూడా ఆ హిప్పోకాంపస్‌కే మేలు చేస్తుంది. అమెరికాలో 55 ఏళ్లు దాటిన 120 మందితో ఏడాది పాటు చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున వేగంగా నడిచినవాళ్లలో ఆ భాగం 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లలో కొద్దిగా తగ్గింది. అందరికీ కచ్చితంగా ఇంతే పెరుగుతుందని కాదు. అయినా పైసా ఖర్చు లేని పని, గుండెకూ మంచిదే.

హైదరాబాద్ వాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ అధ్యయనం ఒకటుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతి తప్పించే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే మనిషి రోజంతా ఒక భాషను ఆపి ఇంకో భాషలో మాట వెతుక్కుంటూనే ఉంటాడు. అది చిన్న కసరత్తేమీ కాదు. పిల్లలు తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడైపోతుందని టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను ఈ అధ్యయనం గురించే చెబుతుంటాను.

ఫోన్‌లో బ్రెయిన్ గేముల మీద ఆశ పెట్టుకోకండి. 11,430 మందితో ఆరు వారాలు ఆడించి చూసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది; ఆ ఆటల్లో నైపుణ్యం పెరిగింది కానీ వేరే పరీక్షలకు ఏమీ అక్కరకు రాలేదు.

పెద్దవాళ్లు మరిచిపోతున్నారంటే వయసు మీద తోసేసి ఊరుకోవద్దు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది. రక్తపరీక్షలో తెలిసిపోతుంది, మందులున్నాయి. మా మామయ్యగారికి చెప్పిన మాట నిలవడం లేదని ఏడాది పాటు మేమంతా దిగులుపడ్డాం. రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి. తేడా చెవిలో ఉంది. మాట సగమే లోపలికి వెళ్తుంటే గుర్తుండేదేముంది? చెవి మిషన్ పెట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం ఆయన హాల్లో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తలెత్తి, "అమ్మాయ్, ఈ గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందా?" అని అడిగారు.