పంతొమ్మిదేళ్ల ఎంపీ

ప్రియమైన పిల్లలూ,

ఎంపీగా నిలబడాలంటే ఎన్నేళ్లుండాలని మొన్న ఫోనులో అడిగారు. మన లోక్‌సభకైతే పాతికేళ్లు నిండాలి. జర్మనీలో పద్దెనిమిది నిండితే చాలు అనేసరికి మీరు నవ్వేశారు. అందుకే అన్నా లూర్మన్ గురించి రాస్తున్నాను.

ఆమె 1983 జూన్‌లో పుట్టింది. అంతకు మూడు నెలల ముందే పర్యావరణం కోసం పుట్టిన గ్రీన్ పార్టీ వాళ్లు అక్కడి పార్లమెంటు బుండెస్టాగ్‌లో మొదటిసారి అడుగుపెట్టారు. సూట్లు వేసుకున్న పెద్దమనుషుల మధ్యకి స్వెట్టర్లతో వచ్చారు, చేతుల్లో పూలకుండీలు. ఆమ్లవర్షాలకు ఎండిపోయిన చెట్టుకొమ్మ కూడా మోసుకొచ్చారు. మాటల కంటే ఆ కొమ్మే ఎక్కువ చెప్పిందని నా అభిప్రాయం.

2002లో ఆ పార్టీ తరఫునే, హెస్సె రాష్ట్రం నుంచి అన్నా ఎన్నికైంది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఆ సభ చరిత్రలో అంత చిన్న వయసులో గెలిచినవాళ్లు లేరు.

ఎలా కుదిరిందంటారా? అక్కడ ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి తన నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది ముఖ్యంగా ఈ రెండో ఓటే తేలుస్తుంది. ప్రతి రాష్ట్రంలోనూ పార్టీ ముందే ఒక జాబితా వేసుకుంటుంది. వచ్చిన ఓట్లను బట్టి దక్కిన సీట్లలో, నియోజకవర్గాల్లో గెలిచినవాళ్లవి పోగా మిగిలినవాటికి ఆ జాబితాలో పైనుంచి అంతమంది సభకు వెళతారు. గ్రీన్ పార్టీలో ఇంకో నియమం ఉంది: ఒకటి, మూడు, ఐదు... ఈ బేసి స్థానాలు ఆడవాళ్లవే. అంటే కోట్లున్న మామయ్య లేకపోయినా, పార్టీ సభలో తోటివాళ్లను ఒప్పించి జాబితాలో పైకి రాగలిగితే దారి దొరికినట్టే. ఒప్పించడం తేలికనుకోకండి.

అన్నా ఎంపీగా ఉంటూనే జర్మనీలోని హాగెన్ దూరవిద్యా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివింది. పగలు పార్లమెంటు, మిగతా టైములో పాఠాలు. రెండుసార్లు గెలిచాక, 2009లో ఇక పోటీ చేయనంది. ఇరవై ఆరేళ్లకే! కుర్చీ వదలడం మనవాళ్లకు ఎంత కష్టమో రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నారుగా.

సూడాన్ వెళ్లి, ఒందుర్మాన్‌లోని అహ్‌ఫాద్ మహిళా విశ్వవిద్యాలయంలో పీజీ చదివింది. తర్వాత బెర్లిన్‌లో డాక్టరేట్. ఆపైన స్వీడన్‌లో, ఏ దేశంలో ప్రజాస్వామ్యం ఎంత గట్టిగా ఉందో కొలిచే వీ-డెమ్ సంస్థలో పనిచేసింది. ఎన్నికలు జరుగుతూనే, చట్టాలు ఉంటూనే ప్రజాస్వామ్యం మెల్లమెల్లగా ఎలా సన్నగిల్లుతుందో మరో పరిశోధకుడితో కలిసి 2019లో రాసిన వ్యాసాన్ని ఆ రంగంలో వాళ్లు ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు.

2021లో మళ్లీ నిలబడి గెలిచింది. ఆ డిసెంబరులో విదేశాంగ శాఖలో యూరప్, వాతావరణ వ్యవహారాల సహాయమంత్రి అయింది. 2024 నవంబరులో ఆమె పార్టీ ఉన్న సంకీర్ణ ప్రభుత్వం విరిగింది, 2025 మేలో కొత్త ప్రభుత్వం వచ్చింది, పదవి పోయింది. అప్పటికి ఆమెకు ఇంకా నలభై రెండు నిండలేదు. మన దగ్గరైతే ఆ వయసు వాళ్లకు ఫ్లెక్సీల మీద ‘యువనేత’ అనే రాస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య