మారుమూల స్కాట్లాండ్‌లో "ఈజీ వీసా": అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్ ఉత్తర కొసన సముద్రం ఒడ్డున ఉన్న విక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మనవాళ్ల ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "అక్కా, మీ వైపు మనుషులు దొరకట్లేదట కదా, వీసా ఈజీగా ఇస్తారట కదా?" ఎవరు పుట్టించారో గానీ, ఈ ఒక్క మాట వల్ల పొలాలు తాకట్టుకు వెళ్తున్నాయి. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: మారుమూల ఊళ్లకు వేరే వీసా ఉంది.

లేదు. లండన్‌లో ఉద్యోగానికి ఏ స్కిల్డ్ వర్కర్ వీసా (నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు ఇచ్చేది) కావాలో, విక్‌లో ఉద్యోగానికీ అదే కావాలి. వీసాలు ఇచ్చేది హోం ఆఫీసు, అంటే బ్రిటన్ ప్రభుత్వ హోం శాఖ. ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ ప్రభుత్వానికి ఆ అధికారమే లేదు. జనం తగ్గిపోతున్న పల్లెల కోసం వేరే వీసాను ప్రయోగాత్మకంగా పెడదామని 2022లో వాళ్లు అడిగారు, లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. కథ అక్కడితో సరి. "స్కాట్లాండ్ రూరల్ వీసా" అంటూ తిరిగే వీడియోలకు ఉన్న ఆధారం ఆ ప్రతిపాదన ఒక్కటే.

"దీవిలో కాపురం పెడితే 50 లక్షలు ఇస్తారు" అన్నదీ ఇలాంటిదే. దీవుల్లో స్థిరపడే కుటుంబాలకు 50,000 పౌండ్ల దాకా ఇవ్వాలన్న ఆలోచన 2021లో నిజంగానే వచ్చింది. జనాభిప్రాయం అడిగాక, 2022లో దాన్ని పక్కన పెట్టేశారు. అమలై ఉన్నా దానికీ వీసాకూ సంబంధం ఉండేది కాదు. పైగా విక్ దీవి కూడా కాదు!

ఇక కేర్ వర్కర్ వీసా, అంటే వృద్ధులను, జబ్బుపడ్డవాళ్లను చూసుకునే ఉద్యోగానికి ఇచ్చేది. బయటి దేశాల నుంచి కొత్తగా ఆ ఉద్యోగానికి వచ్చే దారిని 2025 జులై 22న మూసేశారు. సీనియర్ కేర్ వర్కర్‌కూ అంతే. ఈ తేదీ రాసిపెట్టుకోండి. ఇంకా "కేర్ హోమ్ ఖాళీలు, 15 లక్షలు" అనేవాడు ఎవరైనా సరే, అబద్ధం చెబుతున్నట్టే.

సీఓఎస్ (స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, వీసా కోసం యజమాని ఇచ్చేది) ఏజెంట్లకు లక్షలు పోసి కొనుక్కోవడం గురించి కూడా చెప్పాలి. సీఓఎస్‌కు యజమాని హోం ఆఫీసుకు కట్టేది 2025 ఏప్రిల్ నుంచి 525 పౌండ్లు, అంటే మన డబ్బులో 60 వేల చిల్లర. దాన్ని కూడా స్కిల్డ్ వర్కర్ దగ్గర వసూలు చేయకూడదని 2024 డిసెంబరు 31 నుంచి రూల్ ఉంది. మరి ఆ లక్షలన్నీ ఎవరి జేబులోకి వెళ్తున్నట్టు?

ఖమ్మం వైపు తమ్ముడొకడు ఆఫర్ లెటర్ పంపాడు. అప్పటికే 3 లక్షలు కట్టేశాడు, మిగతాది కట్టాలా వద్దా అని అడుగుతున్నాడు. లెటర్ మీద అడ్రసు మా ఊరిదే. డ్యూటీ దిగాక అటు నడిచి వెళ్లి చూశాను. రేవు పక్కన ఎప్పుడో మూతపడిన చేపల గోడౌన్ అది, తలుపులకు తుప్పు పట్టిన తాళం. ఫోటో తీసి పంపాను. కాసేపటికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఇచ్చిన డబ్బు పోతే పోయింది తల్లీ, ఇంకా కట్టమంటావా?" అని అడిగింది. "ఒక్క రూపాయి కూడా కట్టొద్దమ్మా" అన్నాను. మోసపోయినవాళ్లను చూసి నవ్వకండి. పిల్లాడు బాగుపడాలన్న ఆశ మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

మీరు చేయాల్సింది ఇది. స్పాన్సర్ లైసెన్స్ (బయటి దేశాలవాళ్లను పనిలో పెట్టుకునే అనుమతి) ఉన్న సంస్థల జాబితా బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో పేరు వెతకండి. అయితే పేరు ఉన్నంత మాత్రాన మీ చేతిలోని ఆఫర్ నిజమైపోదు. ఆ సంస్థ సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి, లెటర్‌లో ఉన్న నంబరుకు వద్దు. తీరా వచ్చాక స్పాన్సర్ లైసెన్స్ రద్దయితే, మామూలుగా కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. పెళ్లాం పిల్లలతో ఆ 60 రోజులు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

చలికి గడ్డకట్టిపోతామా? పోరు. సముద్రం పక్కన కాబట్టి మంచు ఎక్కువ రోజులు నిలవదు. అసలు బాధ గాలితో, గొడుగు కొనడం దండగ. డిసెంబరులో తొమ్మిదికి తెల్లారి మూడున్నర లోపే పొద్దు గూకుతుంది. విటమిన్ డి వేసుకోండి. మన ఒంటి రంగువాళ్లు ఏడాది పొడవునా వేసుకోవాలనే ఇక్కడి ఆరోగ్య శాఖ కూడా చెబుతుంది.

మారుమూల కాబట్టి జీతం ఎక్కువా? ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ)లో బ్యాండ్‌ను, అంటే ఉద్యోగ స్థాయిని బట్టి స్కాట్లాండ్ అంతటా ఒకటే స్కేలు. దూర దీవుల అలవెన్స్ ఆర్కినీ, షెట్లాండ్ లాంటి చోట్లే, మాకు లేదు. చిన్న ఆసుపత్రిలో పని తక్కువనీ అనుకోకండి. అన్ని రకాల కేసులూ మన దగ్గరికే వస్తాయి.

ప్రాణం మీదికి వస్తే దిక్కెవరు అని భయపడేవాళ్లను మాత్రం తప్పుపట్టను. ఊళ్లో ఆసుపత్రి ఉంది, ఎమర్జెన్సీ ఉంది. కానీ పెద్ద కేసులు ఇన్వర్నెస్ నగరానికి వెళ్లాలి, వంద మైళ్ల పైమాటే. మా ప్రసూతి విభాగం ఇప్పుడు డాక్టర్లు కాకుండా మిడ్‌వైఫ్‌ల (కాన్పులు చేసే శిక్షణ పొందినవాళ్ల) ఆధ్వర్యంలో నడుస్తుంది, కాన్పులు ఎక్కువగా ఇన్వర్నెస్‌లోనే. కడుపుతో ఉంటే మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడగండి: ఎప్పుడు బయల్దేరాలి, అక్కడ ఎక్కడ ఉండాలి, మంచుకు రోడ్డు మూస్తే ఏం చేయాలి అని. అడిగితే ఎవరూ విసుక్కోరు.

కారు తప్పనిసరా? ఆసుపత్రి డ్యూటీకి నడిచి వెళ్లొచ్చు. ఇళ్లకు వెళ్లి చూసే నర్సు అయితే తప్పదు. మన లైసెన్స్ ఇక్కడ 12 నెలలే చెల్లుతుంది, ఆ లోపే టెస్ట్ పాసవ్వండి. ఇన్వర్నెస్ నుంచి రైలు ఉంది గానీ, చుట్టూ తిరిగి తిరిగి నాలుగున్నర గంటలకు గానీ చేరదు.

తిండికి టెన్షన్ వద్దు. బియ్యం ఆన్‌లైన్‌లో పెడితే, మా పోస్ట్‌కోడ్ చూసి కొందరు కొరియర్ వాళ్లు అదనంగా అడుగుతారు. అందుకే ఇన్వర్నెస్ వెళ్లినవాళ్లం అందరికీ కలిపి మోసుకొస్తాం. ఆవకాయ, కారం, చింతపండు నిక్షేపంగా తెచ్చుకోండి. నెయ్యి, పచ్చి కరివేపాకు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, నిబంధనలు ఒప్పుకోవు.