గరుకు శబ్దం గణితం

బ్లాక్ మెటల్ (గరుకు గిటార్లు, కేకల గొంతుతో సాగే ఒక రాక్ సంగీత శైలి) వినే పాఠకురాలొకరు అడిగిన ప్రశ్న ఇది: "గిటారు, డ్రమ్ములు, గొంతు అన్నీ ఒక్క మనిషే అయి చేసిన ఆల్బమ్‌లు కొన్ని వింటుంటే మనసంతా బోసిపోతుంది. మాటలు అర్థం కావు. బాణీ చూస్తే నాలుగైదు స్వరాలకు మించి ఉండదు. మరి ఆ దిగులు ఎక్కడి నుంచి వస్తోంది?"

బాణీలో నుంచి రావడం లేదని ముందే చెప్పేస్తాను. అవే స్వరాలను అదే వేగంతో పియానో మీద వాయిస్తే కాస్త విచారంగా ఉంటాయేమో కానీ ఊపిరి బిగబట్టేలా మాత్రం ఉండవు. వాయించిన స్వరాలు యంత్రం గుండా వెళ్తూ నలిగినప్పుడు, ఎవరూ వాయించని శబ్దాలు కొత్తగా పుడతాయి. అసలు సంగతి వాటిలో ఉంది.

ఈ సంగీతం పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి దాటేస్తాను. ఒక్క ఉదాహరణ చాలు. నార్వేలో బుర్జుమ్ అన్న పేరుతో వర్గ్ వికెర్నెస్ ఒక్కడే చేసిన 'ఫిలోసోఫెమ్' 1993లో రికార్డయింది, 1996లో విడుదలైంది. ఇతను హత్యకూ చర్చిల దహనానికీ 1994లో 21 ఏళ్ల శిక్ష పడిన మనిషి. అతని భావాలను నేను ఏ కోశానా సమర్థించను. అయితే ఆ రికార్డింగులో తీసుకున్న రెండు నిర్ణయాలు భౌతికశాస్త్రం పాఠం చెప్పడానికి పనికొస్తాయి. గిటారును గిటారు యాంప్లిఫయర్‌కు కాకుండా, ఇంట్లో పాటలు వినే స్టీరియో యాంప్లిఫయర్‌కు పాత ఫజ్ పెడల్ (గిటారు శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చే చిన్న పెట్టె) గుండా కలిపాడు. గొంతు కోసం, అందుబాటులో ఉన్నవాటిలో అతి నాసిరకం మైకు కావాలని కోరి, చివరకు హెడ్‌సెట్‌కు ఉండే మైకు వాడాడు. రెండూ శబ్దాన్ని పాడుచేసే పనులే. పాడైనప్పుడు ఏం జరుగుతుందన్నదే నన్ను ఎప్పటినుంచో పట్టి కూర్చోబెట్టిన విషయం.

శబ్దతరంగాల గురించి బడిలో నేర్పేది అధ్యారోపణ సూత్రం. రెండు తరంగాలు ఒకేచోట కలిస్తే వాటి ఎత్తులు కూడుకుంటాయి, తర్వాత దేని దారిన అది చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంది. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. ఈ సూత్రం ఒక షరతు మీద నిలబడి ఉందని మాత్రం చాలా తరగతి గదుల్లో చెప్పరు. తరంగం ప్రయాణించే దారి దాని ఎత్తుకు అడ్డుచెప్పకూడదు, అదీ షరతు. అడ్డుచెప్పే దారులే లోకంలో ఎక్కువ. అక్కడి నుంచే భౌతికశాస్త్రం రుచి తెలుస్తుంది.

ఫజ్ పెడల్‌ను ఎత్తు తక్కువ పైకప్పు ఉన్న గది అనుకోండి. ఒక్కడే అందులో గెంతుతున్నాడు. కప్పు దాకా లేచి తల తగలగానే ఆగిపోతాడు, మళ్లీ దిగుతాడు. గుండ్రంగా ఉండాల్సిన తరంగపు శిఖరం బల్లపరుపుగా కోసుకుపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఇప్పుడు అతని భుజాల మీద ఇంకొకణ్ణి ఎక్కించండి. కిందివాడు తన వేగంతో, పైవాడు తన వేగంతో గెంతుతున్నారు. పైవాడి తల కప్పుకు తగలాలా వద్దా అన్నది ఇక అతని చేతిలో లేదు. కిందివాడు ఆ క్షణంలో ఎంత ఎత్తున ఉన్నాడన్న దాని మీద ఆధారపడుతుంది. కిందివాడు పైకి లేచినప్పుడల్లా పైవాడి గెంతు తెగుతుంది, దిగినప్పుడల్లా అతనికి చోటు దొరుకుతుంది. అంటే పైవాడి కదలిక మీద కిందివాడి లయ ముద్ర పడింది. కప్పే లేకపోతే ఇద్దరూ ఒకరికొకరు అడ్డం లేకుండా గెంతేవారు. కప్పు కిందికి జరిగేకొద్దీ ఒకరి గెంతు మరొకరికి ముడిపడిపోతుంది. ముగ్గురిని ఎక్కిస్తే ముడులు మరీ పెరుగుతాయి. ఈ ముడులే కొత్త పౌనఃపున్యాలుగా, అంటే సెకనుకు వేరే సంఖ్యలో కంపించే కొత్త శబ్దాలుగా మన చెవిన పడతాయి.

లెక్క చూద్దాం. గిటారు నేర్చుకునేవాళ్లు మొదట పట్టే కార్డుల్లో (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల్లో) 'ఏ మైనర్' ఒకటి. అందులో పక్కపక్క తీగల మీద 'ఏ' అనే స్వరం 220 హెర్ట్జ్‌ల దగ్గర, సి స్వరం 261.6 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతాయి. మధ్య తేడా 41.6. ఈ రెండింటినీ పైనా కిందా సమానంగా కోసే క్లిప్పింగ్ గుండా పంపితే, అందులో అన్నిటికంటే సరళమైన మూడో క్రమం వక్రీకరణ (మూడేసి పౌనఃపున్యాలను కలిపేదీ తీసేసేదీ) నుంచే కొత్తవి పుడతాయి. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేస్తే 178.4. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్ని తీసేస్తే 303.2. వరసగా పేర్చండి: 178.4, 220, 261.6, 303.2. ప్రతి రెండింటికీ మధ్య ఎడం 41.6! పైన ఇంకో గుంపు ఉంటుంది: 660, 701.6, 743.2, 784.8. అక్కడా అదే ఎడం. పైకప్పూ నేలా ఒకే దూరంలో లేకపోతే, అంటే కోత పైనా కిందా సమానంగా లేకపోతే, 41.6 హెర్ట్జ్‌ల కంపనం స్వయంగా తోడవుతుంది. నాసిరకం సర్క్యూట్లలో ఆ అసమానత సాధారణంగా ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. సి స్వరం 261.6 కాకుండా శుద్ధమైన 6:5 నిష్పత్తిలో, అంటే 264 దగ్గర ఉండి ఉంటే ఎడం 44 అయ్యేది. 220, 264, 660 అన్నీ 44కు గుణిజాలు. కాబట్టి రెండు గుంపులూ ఎంత విస్తరించినా ఒకే గళ్లలో పడేవి. గిటారు మెట్లు మాత్రం అష్టకాన్ని (పౌనఃపున్యం రెట్టింపయ్యే మేరను) పన్నెండు సమాన భాగాలు చేసిన పద్ధతిలో ఉంటాయి. అందువల్ల సి కాస్త కిందికి జారింది. ఆ కాస్త చాలు. కోత గట్టిగా ఉన్నప్పుడు కింది గుంపు పైకి, పై గుంపు కిందికి పాకి మధ్యలో కలుసుకుంటాయి కానీ గళ్లు కలవవు: 410.4, 428, 452, 469.6. ఇప్పుడు ఎడాలు 17.6, 24, మళ్లీ 17.6. ఒక మీటులో రెండే స్వరాలు వాయించాడు మనిషి. బయటికి వచ్చింది ఒకదాన్నొకటి రాసుకుంటున్న పౌనఃపున్యాల గుంపు.

ఇతర మెటల్ శైలుల్లో ఎక్కువగా వాడే పవర్ కార్డ్‌తో ఈ గొడవ రాదు. అందులో రెండే స్వరాలు: 'ఏ' 220, 'ఈ' 329.6. తేడా దాదాపు 110. పుట్టేవన్నీ దాదాపు 110 గుణిజాలే కాబట్టి చెవి వాటిని కలిపి ఒకే బలమైన స్వరంగా వింటుంది. బ్లాక్ మెటల్ గిటారిస్టులు పై తీగల మీద నిండు మైనర్ కార్డులను డిస్టార్షన్‌లో, అంటే ఈ కోతలో ముంచుతారు. ఏ మైనర్‌నే ఒక అష్టకం పైకి తీసుకెళ్తే ఎడం 83 దాటుతుంది, కిందికి తెస్తే 21 కంటే తక్కువ. పై తీగలను ఎంచుకోవడంలో ఫలితం ఉందని చెవికి ముందే తెలుసు, లెక్క తర్వాత వచ్చింది.

ఈ ఎడాలకు ఎందుకంత ప్రాముఖ్యం? దగ్గరదగ్గర పౌనఃపున్యాలు కలిస్తే శబ్దం హెచ్చుతగ్గులవుతుంది. విస్పందనాలంటే అవే. సెకనుకు నాలుగైదు వస్తే ఊగినట్టుంటుంది. ఇరవై దాటాక విడివిడిగా లెక్కించలేం, శబ్దం గరుకెక్కుతుంది. 1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ సెకనుకు 33 విస్పందనాల దగ్గర గరుకు అతి దుర్భరంగా ఉంటుందని రాశాడు. తర్వాతి కొలతలు మధ్యస్థాయి స్వరాలకు ఆ గరిష్ఠాన్ని 70 దగ్గర చూపాయి. 2015లో మెదడు పరిశోధకుడు లూక్ అర్నాల్ బృందం మనుషుల కేకలను విశ్లేషించి, మామూలు మాటల్లో అంతగా కనిపించని 30 నుంచి 150 హెర్ట్జ్‌ల హెచ్చుతగ్గులు కేకల్లో దట్టంగా ఉంటాయని తేల్చింది. ఆ గరుకు పెరిగేకొద్దీ మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఎక్కువగా స్పందించింది. పైన వచ్చిన 41.6ను, 83ను ఈ పరిధిలో పెట్టి చూడండి. ఎవరూ నోరు తెరవకముందే గిటారు కేక వేస్తోంది.

స్టీరియో యాంప్లిఫయర్ చేసిన పని వేరు. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్‌ల పైన ఉన్నదాన్ని బాగా తగ్గించేస్తుంది. అందుకే మామూలు డిస్టార్షన్ గిటారు గుండ్రంగా వినిపిస్తుంది. ఆ జల్లెడ తీసేస్తే కోతలో పుట్టిన పై అనుస్వరాలన్నీ ముఖాన కొడతాయి. దానికి తోడు మన చెవి కాలువ పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒకవైపు మూసిన గొట్టంగా దాని అనునాదం 3,000 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల పడుతుంది. గరుకంతా పోగయ్యే చోటే చెవి ఎక్కువ సున్నితంగా ఉంటుంది.

ఇంతకీ స్వరాలను ముడివేసే దోషం యంత్రాలకే పరిమితం కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కర్ణావర్తంలోని బయటి రోమకణాలు కూడా అదే పని చేస్తాయి. నవజాత శిశువుల వినికిడి పరీక్షల్లో ఒకదానిలో, సుమారు 1.22 నిష్పత్తిలో ఉన్న రెండు స్వరాలను బిడ్డ చెవిలోకి పంపి, మొదటిదాని రెట్టింపులో నుంచి రెండోదాన్ని తీసివేస్తే వచ్చే మూడో స్వరం చెవిలో నుంచి తిరిగి వస్తోందా అని చిన్న మైకుతో వింటారు. వస్తే రోమకణాలు పనిచేస్తున్నట్టు. ఏ మైనర్‌లోని ఆ రెండు స్వరాల నిష్పత్తి 1.19. పొత్తిళ్లలోని బిడ్డ చెవి, ఫజ్ పెడల్ ఒకే సమీకరణాన్ని పాటిస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ పాటల్లో దుష్టశక్తి ఉందని, వింటే ఆవహిస్తుందని భయపడేవాళ్లు ఉన్నారు. ఆ భయాన్ని పెంచి పోషించిన సంగీతకారులూ ఉన్నారు. మైకుకు అందేది గాలి ఒత్తిడిలో మార్పు మాత్రమే, దానికి ఏ శక్తినీ ఆవాహన చేసే దారి లేదు. పిల్లలు ఈ సంగీతం వింటున్నారని కంగారుపడే పెద్దలు ముందు వాళ్ల హెడ్‌ఫోన్ల ధ్వని తీవ్రత చూడాలి. చెవికి నిజమైన హాని అక్కడుంది.

అయితే కేక లాంటి శబ్దం భయం పుట్టించాలి కదా, దిగులు ఎందుకు? ఇక్కడి నుంచి నా అభిప్రాయం. ప్రమాద సంకేతం పనిచేయాలంటే అది ఉన్నట్టుండి మొదలవ్వాలి, ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. క్లిప్పింగ్ ఆ రెండింటినీ తుడిచేస్తుంది. కప్పుకు తగిలిన ప్రతి శిఖరం ఒకే ఎత్తులో ఆగిపోవడంతో మీటు మొదలూ చివరా సమానమవుతాయి. సెకనుకు పన్నెండు సార్లకు పైగా మీటే ట్రెమొలో పికింగ్ మిగిలిన ఖాళీలనూ పూడుస్తుంది. గొంతు మీద ప్రతిధ్వని దట్టంగా ఉంటుంది. నేరుగా వచ్చే శబ్దం కంటే గోడలకు తగిలి వచ్చేది ఎక్కువైతే మెదడు దాన్ని దూరంగా ఉన్నట్టు లెక్కగడుతుంది. కేక ఆగదు, దగ్గరికి రాదు, ఏ దిక్కునో తెలియదు. పారిపోవడానికీ సాయం చేయడానికీ వీల్లేని ప్రమాద సంకేతం అది.

ఒక్కడే చేయడం వల్ల మరొకటి కలుస్తుంది. బృందంగా వాయించేవాళ్లు ఒకరి ఆలస్యాన్ని మరొకరు మిల్లీసెకన్ల లెక్కన సవరించుకుంటూ పోతారు. డ్రమ్మరు కాస్త తొందరపడితే గిటారు అందుకుంటుంది, గిటారు సాగదీస్తే డ్రమ్మరు ఆగుతాడు. ఒంటరి రికార్డింగులో ముందు డ్రమ్ములు టేపుకెక్కుతాయి, వాటి మీద గిటారు, ఆ పైన గొంతు. గిటారు డ్రమ్ములను వింటుంది, డ్రమ్ములు గిటారును వినవు. సవరణ ఒకవైపే నడుస్తుంది. 1994లో వచ్చిన నార్వే బ్లాక్ మెటల్ బృందం డార్క్‌థ్రోన్ ఆల్బమ్ 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'లో వాద్యాలన్నీ ఫెన్రిజ్ ఒక్కడే నాలుగు ట్రాకుల యంత్రం మీద ఇలాగే వాయించాడు, గొంతు మాత్రం మరొకరిది. ఆ ఆల్బమ్‌లో డ్రమ్ములు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే పోకడలో సాగిపోతాయి. గిటారు ఎంత తీవ్రమైనా అవి పట్టించుకోవు. పాఠకురాలు అడిగిన బోసితనంలో దీనికీ పెద్ద వాటానే ఉందని నా నమ్మకం. కావాలంటే పరీక్షించవచ్చు: ఒకే పాటను ఒకసారి ఇద్దరు కలిసి, ఒకసారి ఒక్కరే పొరలు పొరలుగా వాయించి, గిటారు మీట్లకూ డ్రమ్ము దెబ్బలకూ మధ్య కాలభేదాలను రెండు రికార్డింగుల్లోనూ కొలిచి, ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో పోల్చి చూడటమే.