ఖాళీ పేజీ కింద సంతకం

చిరంజీవి బంగారుకు, నీతో పాటు ఈ ఉత్తరం చదివే నీ స్నేహితులకు తాత ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు నా వెంట గ్రామసభకు వచ్చావు. తిరిగి వస్తుంటే దారిలో అడిగావు: “తాతా, ఆ తీర్మానాల పుస్తకంలో పైన ఏమీ రాసి లేదు కదా, కింద నువ్వు సంతకం ఎందుకు పెట్టావ్?” బస్సు టైమైందని మాట మార్చాను. నువ్వు వెళ్లిపోయావు గానీ ఆ ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మన చెరువు తూము చూశావు కదా బిడ్డా. తూము ఎత్తగానే నీళ్లు అందరి పొలాలకూ ఒక్కసారి పోవు. పై మళ్లకు ముందు, కాలువ చివరి మళ్లకు ఆఖరున. పై వాళ్లు నిండా పెట్టుకుని ఇంకా గండి మూయకపోతే చివరి మడి నెర్రెలు బారుతుంది. అందుకే మా కాలంలో నీరటి ఉండేవాడు. ఎవరి వంతు ఎప్పుడో చూడటమే అతని పని. కోతలప్పుడు ప్రతి రైతూ అతనికి ఇన్ని వడ్లు కొలిచేవాడు.

మా పొలం కాలువ చివర. మా వంతు ఎప్పుడూ రాత్రే. నాకు నీ అంత వయసున్నప్పుడు ఒక రాత్రి మా నాయనతో గట్టు మీద కూర్చున్నాను. నీళ్లు ఎంతకీ రాలేదు. నాయన కందిలి పట్టుకుని కాలువ వెంట పైకి నడిచాడు, వెనకాలే నేను. పైన ఊరి పెద్దాయన మడికి గండి తెరిచే ఉంది. నీరటి వచ్చాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పారతో మట్టి వేసి, మీద గరిక పెళ్ల పెట్టి కాలితో తొక్కాడు. మేం మళ్లీ మా మడి దగ్గరికొచ్చి కూర్చున్నాం. ఎండిన కాలువలోకి నీళ్లొచ్చేటప్పుడు ముందు నీళ్లు కనపడవు తెలుసా? ఎండుటాకులు, పుల్లలు, నురగ దొర్లుకుంటూ వస్తాయి. ఆ తర్వాతే తడి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సభ కూడా అంతే. అక్కడ పారేది మాట. పెద్ద గొంతు వాళ్లవి పై మళ్లు. అధ్యక్షత వహించే సర్పంచ్ నీరటి కావాలి. ఎవరిని ఆపాలో, ఎవరికి వదలాలో ఆయన చూడాలి. మొన్న ఏం జరిగింది? పది గంటలకని చాటింపు వేశారు. అధికారులు వచ్చేసరికి పన్నెండు దాటింది. శాలువాలు కప్పుకోవడానికి కొంతసేపు. తర్వాత ఇద్దరు నాయకులు ఎప్పటిదో సీసీ రోడ్డు బిల్లు గురించి మైకు లాక్కుని మరీ అరుచుకున్నారు. వాళ్ల గండి ఎవరూ మూయలేదు.

చివరి వాడ నుంచి వచ్చిన అవ్వ గుర్తుందా? కొంగు కింద నుంచి నీళ్ల సీసా తీసి నీకు చూపించింది. వాళ్ల నల్లా నీళ్లు, అడుగున ఎర్రటి మడ్డి. ఆమె మూడుసార్లు లేచింది. మూడోసారి “టైం లేదు, రాసివ్వండి” అన్నారు. ఆమెకు రాయడం రాదు. సీసా మళ్లీ కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సభ దయాధర్మంగా పెట్టేది కాదు బిడ్డా. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణతో గ్రామసభ రాజ్యాంగంలోకి ఎక్కింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. ఆ అవ్వ కూడా, ఆ శాలువాలు కప్పించుకున్నవాళ్లతో సమానంగా. మన తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. వెయ్యి దాటి మూడు వేల లోపు ఓటర్లున్న మన లాంటి ఊళ్లో 150 మంది ఉంటేనే కోరం, అంటే సభ చెల్లాలంటే కనీసం అంతమంది ఉండాలి. చెరువులో నీళ్లు తూము మట్టానికి ఎక్కకపోతే తూము ఎత్తినా పారదు చూడు, కోరం అలాంటిది. మొన్న టెంటు కింద నలభై మంది కూడా లేరు. మిగతా సంతకాల కోసం సాయంత్రం పుస్తకం ఇల్లిల్లూ తిరిగింది.

జనానికి పట్టదని అంటారు. నేను ఒప్పుకోను. 2025 జనవరిలో రాష్ట్రమంతా నాలుగు రోజులు సభలు పెట్టి రేషన్ కార్డుల జాబితాలు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివారు. పేరు లేనివాళ్లు చాలా ఊళ్లలో లేచి నిలబడి గట్టిగా అడిగారు. పైకి చదివితే జనం వస్తారు, వింటారు, అడుగుతారు.

ఇక నీ ప్రశ్న. పై వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి. అందరూ పెడుతున్నారని నేనూ పెట్టాను. ఆ ఖాళీలో అవ్వ నీళ్ల సంగతి రాశారో, జరగని చర్చ జరిగినట్టు రాశారో నాకు తెలియదు. ఏది రాసినా దాని కింద నా పేరుంది. అది తప్పు. నిన్న పంచాయతీకి వెళ్లి కార్యదర్శితో చెప్పి వచ్చాను: ఇకనుంచి తీర్మానం రాసి, పైకి చదివి వినిపించాకే నా సంతకం. అవ్వ మాట కూడా ఒక కాగితం మీద రాసి, ఆమెతో వేలిముద్ర వేయించి ఇచ్చాను. అందినట్టు సంతకం తీసుకున్నాను.

నువ్వు కాలవతో పోల్చింది చాలు తాతా అంటావు. నిజమే, ఒకచోట కుదరదు. నీళ్లు ఒకరి మడిలో ఇంకితే ఇంకొకరికి తగ్గుతాయి. మాట అలా కాదు. అవ్వ మాట్లాడి ఉంటే ఎవరికి ఏం తగ్గేది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.

వచ్చే సెలవుల్లో సభ పడితే ఈసారి నా పక్కన కూర్చోకు. చివరి వరసలో అవ్వ పక్కన కూర్చో. మైకులో మాటలు అక్కడిదాకా ఎన్ని వచ్చాయో, అక్కడి నుంచి మైకు దాకా ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టి నాకు చెప్పు.

ఇట్లు,
మీ తాత