పాట లేనిచోట రిథమ్ ఏమిటి?

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మధురవాడ స్టేడియంలో జరిగిన మ్యాచ్‌ను టీవీలో చూస్తుండగా వ్యాఖ్యాత "బౌలర్ రిథమ్‌లోకి వచ్చాడు" అన్నాడనీ, అక్కడ పాటా తబలా లేనప్పుడు రిథమ్ ఎక్కడిదని మన చిన్నవాడు అడిగాడనీ మీ అమ్మ చెప్పింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను పాటకచేరీకే వదిలిపెట్టలేదు. ఆటకు, గుండెకు, నిద్రకు, ఋతువులకు, కొత్త ఉద్యోగంలో కుదురుకోవడానికి కూడా దాన్నే వాడతారు.

నిర్వచనం జోలికి పోను. పెదజాలరిపేట ఒడ్డున పెద్దవల లాగడం తలచుకోండి. తాడు ఒక కొసను ఒడ్డునే ఉంచి, వలను అర్ధచంద్రంలా పరుస్తూ పడవ చుట్టి వచ్చి రెండో కొసను తెస్తుంది. అప్పుడు రెండు జట్లు రెండువైపులా లాగుతాయి. చిన్నతనంలో బడి వదలగానే మేమూ వెళ్లి తాడు పట్టుకునేవాళ్లం, వాళ్లు గుప్పెడు చిన్నచేపలు చేతిలో పెట్టేవారు. అక్కడ కండబలం ఉన్నవాడికన్నా "హైలెస్సా"తో కలిసి లాగేవాడికే విలువ. కెరటం ఒడ్డుకు తోసినప్పుడు లాగుతారు, వెనక్కి పోయేటప్పుడు బిగబట్టి నిలుస్తారు. ఆ నిలవడం కూడా పనిలో భాగమే.

బౌలర్ సంగతీ అంతే. పరుగు, గెంతు, చేయి తిరగడం తడబాటు లేకుండా ఒకదాన్నొకటి అందుకుంటే, బంతి వేగంగా వెళ్లకపోయినా అతడు రిథమ్‌లో ఉన్నట్టే. డాక్టర్లు కూడా ఈ తేడా పాటిస్తారు: గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందన్నది వేగం, పెద్దవాళ్లకు విశ్రాంతిలో అది 60 నుంచి 100 దాకా ఉంటుంది, ఆ దెబ్బల మధ్య ఎడం తీరు రిథమ్. మొదటిది సరిగ్గానే ఉండి రెండోది చెదరవచ్చు. ఇక నిద్ర, మెలకువలను నడిపే శరీరపు రిథమ్ కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అర్ధరాత్రి దాకా ఫోను చూసే మీకు దీని గురించి ఇంకా చెప్పాలని ఉంది గాని, మీ అమ్మ రోజూ చెబుతున్నదే చాలు.

ఇప్పుడు బొటనవేలి మొదటికి దిగువన, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకోండి. ఊపిరి నెమ్మదిగా పీల్చేటప్పుడు అది కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు కాస్త నిదానిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఈ తేడా బాగా ఉంటుంది, వల లాగేవాళ్లు కెరటాన్ని బట్టి నిలిచినట్టే, కనుక కంగారుపడకండి. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది; నా వేళ్లకు అందడం లేదు. మీలో ఎవరికి అందిందో రాయండి.

మీ తాతయ్య